ముందు ఆ నొప్పిని ఒక్క వేలితో చూపించండి

అమ్మా, మీరు అడిగింది చదివాను. చదివే మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మీకు ఏడో నెల నడుస్తోంది, ముప్పయ్యో వారం. హనుమకొండ నుంచి పరకాలకు రోజూ బస్సులో వెళ్లి బ్యాంకులో కూర్చుని పని చేస్తారు. రెండు వారాలుగా నడుము కింద, మీ మాటల్లోనే "కూర్చునే దగ్గర" నొప్పి. కుర్చీలోంచి లేచేటప్పుడు ప్రాణం పోయినంత పనవుతోంది. అత్తగారు వేడి చేసిందంటున్నారు. మెడికల్ షాపులో ఓ గోలీ ఇస్తే, వేసుకోవాలో వద్దో తేలక పర్సులో పెట్టుకున్నారు. వచ్చే వారం శ్రీమంతం. రెండు గంటలు పీట మీద కూర్చోవాలట.

ఆ గోలీని పర్సులోనే ఉండనివ్వండి. దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను ఫిజియోథెరపిస్టుని. హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని, ఇద్దరు పిల్లల తల్లిని కూడా. నా దగ్గరికి వచ్చే గర్భిణులను మొదట అడిగేది ఒకటే: ఎక్కడ నొస్తోంది? దాదాపు అందరూ అరచేయి మొత్తం వెనక ఆనించి "గిదంతా మేడం" అంటారు. అట్లా కాదు, ఒక్క వేలు పెట్టి చూపించమంటాను. సిగ్గుపడతారు, నవ్వుతారు, చివరికి చూపిస్తారు. ఆ వేలు ఆగిన చోటును బట్టే సగం వైద్యం తేలిపోతుంది. నడుమునొప్పి అని అందరూ ఒకే పేరు పెట్టేది నిజానికి మూడు వేర్వేరు నొప్పులు. ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు, ఒక్కోసారి ఎక్కువ కూడా చేస్తుంది.

మీరూ ఇప్పుడు చూసుకోండి. చీర కట్టే చోటుకు పైన, వెన్ను మధ్యలో వేలు ఆగితే అది అసలు నడుమునొప్పి. సాయంత్రానికి పెరుగుతుంది, ఎక్కువసేపు నిలబడితే లాగుతుంది. కట్టుకు కింద, నడి వెన్నుకు ఓ పక్కన, పిరుదు పైభాగంలో చిన్న గుంటలాంటి చోట ఆగితే అది తుంటి కీలు నొప్పి. వెన్ను అడుగున ఉండే త్రికోణపు ఎముక తుంటి ఎముకతో కలిసే కీలు అక్కడే ఉంటుంది. రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరిగినా, మెట్లెక్కినా, ఒంటికాలి మీద నిలబడి సల్వార్ వేసుకున్నా కలుక్కుమనేది ఇదే. కొందరికి ముందు వైపు, పొత్తికడుపు కింద ఎముక దగ్గర కూడా నొస్తుంది. ఇక వేలు ఇంకా కిందికి దిగి, పిరుదుల మధ్య చీలిక మొదలయ్యే చోట ఎముక కొసను తాకితే అది ముడ్డిపూస. తోక ఎముక అన్నా అదే. కూర్చుంటే నొప్పి, కూర్చుని లేచేటప్పుడు ఇంకా నొప్పి, నిలబడి నాలుగడుగులు వేస్తే హాయి. మీరు రాసిన తీరు చూస్తే మీది ఎక్కువగా ఈ మూడోది. బస్సు ప్రయాణం వల్ల రెండోది కూడా కొంచెం కలిసి ఉండొచ్చు. కలవడం మామూలే.

ఎందుకు వస్తుందో తెలిస్తే భయం తగ్గుతుంది కాబట్టి ఒక మాట. కాన్పుకు దారి సిద్ధం చేయడానికి రిలాక్సిన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లను సడలిస్తాయి. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ బరువు ముందుకు జరుగుతుంది, పడిపోకుండా నడుము వెనక్కి వంగుతుంది. కట్లు వదులు, బరువు ఎక్కువ. కండరాలు ఓవర్‌టైం చేస్తున్నాయన్నమాట. గర్భిణుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికైనా నడుము, తుంటి ప్రాంతంలో ఏదో ఒక నొప్పి ఉంటుంది. ముడ్డిపూస అయితే మూడు నుంచి ఐదు చిన్న పూసలు అతుక్కుని ఏర్పడిన ముక్క. నిటారుగా కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల కింది రెండు ఎముకల మీద ఉంటుంది. వెనక్కి జారగిలబడగానే ఆ బరువులో పెద్ద వాటా దాని మీదికి పోతుంది. పొట్ట పెరిగిన ఆడవాళ్లు కుర్చీలో జారగిలబడే కూర్చుంటారు, ముందుకు వంగితే ఊపిరి ఆడదు కదా. అసలు చిక్కంతా అక్కడే.

అందుకని ముడ్డిపూసకు మొదటి మందు కూర్చునే తీరు మార్చడమే. ఇందులో నేనే ఒక తప్పు చేశాను. పెద్దబాబు కడుపులో ఉన్నప్పుడు, ఎనిమిదో నెలలో, పక్కింటావిడ ప్రేమగా గాలి నింపే గుండ్రటి ట్యూబు దిండు తెచ్చిచ్చింది. అప్పటికి ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చాను. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి ఎముకకు తగలదనుకుని నెల రోజులు దాని మీదే కూర్చున్నాను. నొప్పి పెరిగింది. ఒకరోజు అద్దం ముందు పక్కకు తిరిగి కూర్చుని చూసుకుంటే అర్థమైంది: ఆ ట్యూబు వెనక అంచు సరిగ్గా ముడ్డిపూస కిందికే వస్తోంది. పైగా మధ్యలో ఖాళీ వల్ల కింది కండరాలు వేలాడి లాగుతున్నాయి. ఆ రోజే దాన్ని అటక మీద పడేశాను.

కావలసింది గుండ్రటి రంధ్రం కాదు, వెనక తెరిచి ఉండే కోత. పరుపుల షాపులో రెండున్నర, మూడు అంగుళాల మందం ఉన్న గట్టి స్పాంజి ముక్క కుర్చీ సీటంత కొలతలో కోయించండి. మెత్తటిది వద్దు, నొక్కితే నేలకు అంటుకునేది అసలే వద్దు. వెనక అంచు మధ్యలో బెత్తెడు వెడల్పు, అరజానెడు లోతు ముక్క తీసేయమనండి. పైనుంచి చూస్తే గుర్రపు నాడాలా ఉండాలి. తెరిచిన వైపు మీ వెనక్కి రావాలి. దాని మీద కూర్చుంటే రెండు పిరుదుల ఎముకలూ స్పాంజి మీద ఉంటాయి, ముడ్డిపూస గాల్లో ఉంటుంది. ఓ గలీబు కుట్టించుకుంటే బ్యాంకులో ఎవరూ అదోలా చూడరు. అది తయారయ్యేదాకా రెండు తువ్వాళ్లను విడివిడిగా మడిచి ఒక్కో తొడ కింద ఒకటి పెట్టుకున్నా సరిపోతుంది, మధ్యలో సందు ఉండాలంతే.

కూర్చున్నాక మోకాళ్ల కన్నా తుంటి కొంచెం ఎత్తులో ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి. నడుము ఒంపులో చిన్న తువ్వాలు చుట్ట. అరగంటకోసారి లేవాలి. ఫోన్లో అలారం పెట్టుకోండి, ఎందుకంటే కౌంటర్ ముందు జనం ఉంటే ఎవరికీ గుర్తుండదు. లేచే తీరూ ముఖ్యం. కూర్చున్న చోట నుంచి నిట్టనిలువుగా లేస్తే కలుక్కుమంటుంది. ముందు సీటు అంచుకు జరగండి, పాదాలు వెనక్కి లాక్కోండి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, చేతులతో తొడలు నొక్కి లేవండి. ఇవాళే ప్రయత్నించండి, తేడా తెలిసిపోతుంది.

ఒకామె గురించి చెప్పాలి. జగిత్యాల వైపు నుంచి వచ్చింది, బీడీలు చుడుతుంది, ఆరో నెల. పని మానేయమని చెప్పడం నాకు ఒక్క నిమిషం పని. కానీ వెయ్యి బీడీలకు ఇంతని లెక్క కట్టి ఇచ్చే కూలి అది, మానేస్తే ఇల్లు గడవదు. అందుకని ఎట్లా కూర్చుంటావో చూపించమన్నాను. గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, ఒళ్లో చాట పెట్టుకున్నట్టు కూర్చుంది. వెన్ను విల్లులా వంగి, బరువు మొత్తం ముడ్డిపూస మీద. ఇంట్లో ఉన్న మన వరంగల్ జంపఖానాను గట్టిగా చుట్టి పిరుదుల కింద పెట్టించాం, తుంటి ఎత్తు లేచింది, వెన్ను దానంతటదే నిటారుగా అయింది. చాట కింద ఓ పీట వేయించాం, మెడ వంచాల్సిన అవసరం తగ్గింది. రెండు కట్టలు కాగానే లేచి నీళ్లు తాగి రమ్మన్నాను. మూడు వారాలకు వచ్చి, నొప్పి పోలేదు గాని, రాత్రి నిద్ర పడుతోంది అంది. గర్భంతో ఉన్నప్పుడు నేనైతే అది మంచి ఫలితం కిందే లెక్కేస్తాను. పూర్తిగా మాయం చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక బస్సు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక మన రూట్లలో నిలబడటానికే చోటు కష్టంగా ఉంది, తెలుసు. అయినా మొహమాటం లేకుండా సీటు అడగండి, కండక్టరుకు చెప్పండి. వెనక చక్రాల మీది సీట్లు, చివరి వరుస వద్దు, బస్సు మధ్యలో కూర్చోండి. స్పాంజి వెంట తీసుకెళ్లండి. స్పీడ్‌బ్రేకర్ కనిపించగానే ముందు సీటు కడ్డీ పట్టుకుని కొంచెం ముందుకు వంగితే ఎదురుదెబ్బ తొడల మీదికి పోతుంది. ఇంకో సంగతి: ప్రసూతి సెలవు 26 వారాల్లో, కాన్పు తేదీకి ముందు 8 వారాల దాకా వాడుకునే వీలు చట్టంలో ఉంది. అంటే ఇంకో రెండు వారాల్లో మీరు తీసుకోవచ్చు. ముందు వాడుకుంటే బిడ్డ దగ్గర ఉండే రోజులు తగ్గుతాయి కాబట్టి నేను తీసుకోమని చెప్పను, వద్దనీ చెప్పను. కుదిరితే ఇంటికి దగ్గరి బ్రాంచికి తాత్కాలికంగా మార్చమని అడిగి చూడండి.

రాత్రి సంగతి. ఎడమ పక్కకు పడుకోండి. కుడి పక్క అయినా పర్వాలేదు, ఇప్పటినుంచి వెల్లకిలా పడుకుని నిద్రపోవడం మాత్రం వద్దు. మోకాళ్ల మధ్య ఒక దిండు, అది చీలమండల దాకా రావాలి. మోకాళ్ల దగ్గరే ఆగిపోతే పైకాలు కిందికి వాలి తుంటి కీలు లాగుతూనే ఉంటుంది. పొట్ట కింద ఓ చిన్న దిండు. పక్క మారేటప్పుడు మోకాళ్లు రెండూ మడిచి, దగ్గరగా నొక్కి పట్టి, భుజం, తుంటి ఒకేసారి దుంగ దొర్లినట్టు తిప్పండి. మంచం మీంచి లేవాలన్నా ముందు పక్కకు తిరిగి, కాళ్లు దించి, చేత్తో నెట్టుకుని లేవాలి. నవారు మంచం కుంగిపోతుంది, వద్దు. నడుమునొప్పికి గట్టి నేలే మంచిదని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. నేల మీద పడుకుంటే తుంటికి ఒత్తిడి, లేవడం ఇంకో యాతన. కుంగని పరుపు చాలు.

వ్యాయామాల్లో మీకు నేనిచ్చేది రెండే, ఎక్కువ ఇస్తే ఎవరూ చేయరు. మొదటిది, జంపఖానా మీద చేతులు, మోకాళ్లు ఆనించి పిల్లిలా నిలబడి, ఊపిరి వదులుతూ వీపును మెల్లగా పైకి గుండ్రంగా లేపడం, పీలుస్తూ మామూలు స్థితికి రావడం. నడుమును కిందికి మరీ వేలాడదీయకండి. పదిసార్లు, పొద్దున సాయంత్రం. పొట్ట బరువు కాసేపు వెన్ను మీంచి దిగిపోతుంది, అందుకే అంత హాయిగా ఉంటుంది. రెండోది, కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య దిండు పెట్టి ఐదు సెకన్లు మెత్తగా నొక్కి వదలడం, పదిసార్లు. ఇది తుంటి కీలుకు. నడక మంచిదే, భద్రకాళి బండ్ మీద పొద్దున పదిహేను ఇరవై నిమిషాలు చాలు, చిన్న అడుగులతో. నొప్పి మొదలైందంటే ఆ రోజుకు అంతే.

యూట్యూబులో అందరూ కెగెల్ చేయమంటారు, అంటే మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామం. మామూలుగా మంచిదే. కానీ ఆ కింది కండరాలు ముడ్డిపూసకే అతుక్కుని ఉంటాయి. మీకు అవి ఇప్పటికే బిగుసుకుని ఉండే అవకాశం ఎక్కువ, ఇంకా బిగిస్తే నొప్పి పెరగొచ్చు. మీరు నేర్చుకోవాల్సింది వదలడం: పక్కకు పడుకుని, పొట్ట నిండేలా ఊపిరి తీసుకుంటూ కింది భాగాన్ని వదులు చేయడం, రోజూ ఐదు నిమిషాలు.

మీరు అడగలేదు గాని మలబద్ధకం ఉందా? ఐరన్ గోలీలు వేసుకునే చాలామందికి ఉంటుంది, ముక్కితే ముడ్డిపూస మీద నేరుగా ఒత్తిడి. గోలీ మానకండి. నీళ్లు పెంచండి, జొన్నరొట్టె, తోటకూర, జామపండు తినండి. వెస్టర్న్ టాయిలెట్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకోండి. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోవద్దని నర్సు చెప్పే ఉంటుంది, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి.

అత్తగారి "వేడి" విషయంలో పోట్లాట పెట్టుకోకండి. ఆమె ఇచ్చే పల్చటి మజ్జిగ తాగండి, నీళ్లు ఒంట్లోకి పోతాయి. మూత్రంలో మంట ఉంటే మాత్రం అది వేడి కాదు, పరీక్ష చేయించాలి. వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి నడుముకు పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు, పొట్ట మీద వద్దు. నూనె రాసి మెత్తగా రుద్దించుకోవచ్చు, పక్కకు పడుకుని. పిల్లలతో నడుము తొక్కించుకోవడం, ముడ్డిపూస జారిందని చెప్పి గుంజి సరిచేసేవాళ్ల దగ్గరికి పోవడం రెండూ వద్దే వద్దు.

ఇప్పుడు గోలీ. అట్ట వెనక పేరు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అని ఉంటే, పారాసిటమాల్ కలిపి ఉన్నా సరే, వేసుకోకండి. ఇరవయ్యో వారం దాటాక ఈ రకం మందులు బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. ముప్పయ్యో వారం తర్వాత బిడ్డ గుండె దగ్గర పుట్టాక మూసుకోవాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది. పైన రాసే జెల్లుల్లో చాలావాటిలో కూడా డైక్లోఫెనాకే ఉంటుంది, అదీ డాక్టరును అడగకుండా వద్దు. ఒట్టి పారాసిటమాల్ అయితే డాక్టరు చెప్పిన మోతాదులో, అవసరమైన రోజుల్లోనే. బెల్టు అడుగుతారని ముందే చెప్తున్నా: తుంటి కీలు నొప్పికి నడిచేటప్పుడు రెండు మూడు గంటలు పెట్టుకుంటే కొందరికి బాగుంటుంది, ముడ్డిపూసకు దానితో పెద్దగా ఒరిగేదేం లేదు.

ఇవి కనిపిస్తే మాత్రం ఇది చదువుతూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి: నొప్పి ఆగి ఆగి, లెక్క ప్రకారం వస్తూ పొట్ట గట్టిపడటం, రక్తం లేదా నీళ్లు పోవడం, చలిజ్వరంతో ఒక పక్క నడుమునొప్పి, కాలు పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా రాకపోవడం, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పెట్టడం, బిడ్డ కదలిక తగ్గడం. జారి కూర్చున్నచోట పడినా సరే చూపించుకోవాలి. బండి లేకపోతే 102 అమ్మ ఒడి వాహనం, అత్యవసరమైతే 108. ఇవేవీ లేకపోయినా తర్వాతి చెకప్‌లో ఈ నొప్పి గురించి డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి. మామూలేగా అని చాలామంది చెప్పరు.

ఒక భయం ఎక్కువమందికి ఉంటుంది, మీరు రాయకపోయినా చెప్తాను. ముడ్డిపూస నొస్తుంటే కాన్పుకు ఆపరేషనే చేస్తారా? అదొక్కటే కారణంగా చేయాల్సిన పని లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే అని తేలింది. కారణం వెతుక్కునే రోజులివి, మీరుగా ఇంకోటి ఇవ్వకండి. నొప్పుల సమయంలో వెల్లకిలా కాకుండా పక్కకు పడుకుని ఉండొచ్చా అని ముందే అడిగి పెట్టుకోండి.

శ్రీమంతం. రెండు గంటలు పీట మీద వద్దు. మా చెల్లెలి శ్రీమంతంలో మేము చేసింది చెప్తాను. కుర్చీ మీద స్పాంజి, దాని మీద పట్టుబట్ట పరిచి కూర్చోబెట్టాం. ముగ్గేసిన పీటను ముందు పెట్టి కాళ్లు దాని మీద పెట్టించాం. మా మేనత్త మొదట ముఖం చిట్లించింది. తీరా పాదాలకు పసుపు రాయడానికి వచ్చాక ఆమెకే సుఖంగా ఉంది, నేల దాకా వంగే పని లేదు కదా. ఆమెకూ మోకాళ్ల నొప్పులే. పీట కూడా ఉంది, శాస్త్రమూ జరిగింది. మధ్యలో గాజులు తొడిగే ముందు ఒకసారి, హారతికి ముందు ఒకసారి లేచి ఇంట్లో నాలుగడుగులు వేసి రండి. ఫోటోలకని అరగంట ఒకే చోట నిలబెడితే మాత్రం ఒప్పుకోకండి.

కాన్పు తర్వాత ఎక్కువమందికి కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో ఇది తగ్గిపోతుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి. స్పాంజి మాత్రం పారేయకండి. పాలిచ్చేటప్పుడు మంచం మీద గోడకు జారగిలబడి గంటలు గంటలు కూర్చోవడంతోనే చాలామందికి ఈ నొప్పి మళ్లీ మొదలవుతుంది. అప్పుడు కుర్చీలో అదే స్పాంజి, బిడ్డ కింద దిండు, కాళ్ల కింద ఆ శ్రీమంతం పీట.